మిగిలిన విత్తనం

“ఒక పాలు తిన్నోళ్లు బతికినారు. రెండు పాళ్లు తినింది చచ్చిపోయింది. దీంట్లో నువ్వు కనిపెట్టేదానికి ఏముండాదప్పా, ఓబుళేసూ?”

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ గంగాధరప్ప ప్రెసిడెంటు ఇంటి అరుగు మీద కుర్చీ వేయించుకుని, కాళ్లు చాపుకుని మజ్జిగ తాగుతున్నాడు. నేను బస్సు దిగి గుట్టమీదపల్లెలో అడుగుపెట్టి ఇంకా పది నిమిషాలు కాలేదు. కూర్చోమని గానీ, నీళ్లు కావాలా అని గానీ అడిగిన పాపాన పోలేదు.

మేమిద్దరం ఒకే ఏడాది సబ్ ఇన్‌స్పెక్టర్లుగా చేరినవాళ్లం. అతను పైవాళ్లకు నచ్చే రిపోర్టులు రాసి సర్కిలయ్యాడు. నేను నచ్చనివి రాసి బయటికొచ్చి, అనంతపురంలో డిటెక్టివ్ అని బోర్డు పెట్టుకున్నాను. అప్పటి నుంచి నా మొహం చూస్తే అతనికీ, అతని మీసం చూస్తే నాకూ ఒళ్లు మండుతుంది.

“జరిగిందేమో నీ నోటితోనే చెప్పు. తర్వాత నేనేం కనిపెట్టాలో చూస్తా” అన్నాను.

చెప్పాడు. మంగళవారం నాడు ఊరి ప్రెసిడెంటు హనుమంతప్ప పొలంలో మొక్కజొన్న విత్తారు. పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన సుబ్బరత్నమ్మ అనే సైంటిస్టు గింజలకు ఒక నల్లపొడి పట్టించి ఇచ్చింది. ఆ పొడిలో కంటికి కనిపించని సూక్ష్మజీవులుంటాయి. అవి వేళ్ల దగ్గర కాపురం పెట్టి, గాలిలోని నత్రజనిని పైరుకు అందిస్తాయి. సగం యూరియాతోనే పైరు ఏపుగా వస్తుందని ఆమె చెప్పేది. సాయంత్రానికి కొంత విత్తనం మిగిలింది. ఆ ఊళ్లో మిగిలిన విత్తనాన్ని ఇంటికి వెనక్కి తీసుకుపోరు. గట్టు మీదే గుగ్గిళ్లు ఉడకేసి, విత్తిన ఆడవాళ్లు తలా ఒక పాలుగా వాటాలు వేసుకుని తింటారు. మంగళవారం కూడా తిన్నారు. తిన్న కాసేపటికే అందరికీ వాంతులు. బయమ్మ అనే కూలిమనిషి ఆసుపత్రికి చేరేలోపే పోయింది.

“డాక్టరేమన్నాడు?”

“పక్కనే ఉండా నేను. రెప్ప ఎత్తి చూపించినాడు. కంటిపాప ఆవగింజంత అయిపోయిండాది. నోట్లో నురగ. పత్తికి చల్లే పురుగుమందు పొడి అని బల్లగుద్ది చెప్పినాడు. గింజలకు పొడి పట్టించింది ఆయమ్మ. ఆ తర్వాత ఇంకెవురూ విత్తనాల గంప ముట్టలేదని విత్తిన ఆడోళ్లంతా ఒకే మాట చెప్పినారు. పొడి డబ్బా, పురుగుమందు డబ్బా ఒకే తావ పెట్టుకోని కలిపేసింటుంది. తెలిసి చేసినా, తెలీక చేసినా ప్రాణం ప్రాణమే గదా?”

“ఆమె యాడుంది?”

“ఈ మిద్దె పైన గదిలోనే. స్టేషన్లో పెట్టుకునేదానికి ఆడ కానిస్టేబులు లేదు. ప్రెసిడెంటు ఇంటామె భద్రమ్మక్క కన్నబిడ్డ మాదిరి చూసుకుంటాండాది. ఆ సైంటిస్టమ్మే మంగళవారం నుంచి మెతుకు ముట్టలేదు.” గ్లాసు కింద పెట్టాడు. “మూడు గంటలకు జీపు కదుల్తాది. మేజిస్ట్రేటు ముందర నిలబెడతా. అంతవరకూ నీ ఇష్టం, ఏం చేసుకుంటావో చేసుకో.”

వీధికి అవతల ప్రెసిడెంటు ఎరువుల అంగడి ముందు లారీ ఆగి ఉంది. హమాలీలు మూటలు ఎక్కిస్తుంటే పక్కనే నిలబడి ఉన్నాడు హనుమంతప్ప. నన్ను చూసి అక్కడి నుంచే రెండు చేతులూ జోడించాడు. “బాగా విచారించన్నా. మా ఊరి పేరు చెడిపోయింది” అన్నాడు. మనిషి బక్కగా, నెమ్మదిగా ఉన్నాడు. ఆ నెమ్మదికి నేను కూడా తల ఊపాను.

మిద్దె మీద గదిలో సుబ్బరత్నమ్మ గోడకు చేరగిలబడి నేల మీద కూర్చుని ఉంది. ముప్పై ఏళ్లుంటాయేమో. ధర్మవరం పట్టుచీరల నేతగాడి కూతురు. ఆ నేతగాడే నిన్న నా గదికి వచ్చి, మాట పెగలక నా బల్ల పట్టుకుని ఏడ్చినవాడు. ఆమె గోళ్ల సందుల్లో ఇంకా నల్లపొడి ఉంది. పక్కన పళ్లెంలో పొద్దుటి బొరుగుల ఉగ్గాని ఎండిపోయింది.

“నాయన పంపించినాడా అన్నా?” అంది.

“ఆయనే. ముందు నాకు గింజల సంగతి చెప్పమ్మా. మొదటి నుంచి.”

“తెల్లారకముందే పశువుల కొట్టంలో మొదలుపెట్టినా. బెల్లం నీళ్లు కాంచి, చల్లార్చి, దాంట్లో పొడి కలిపి గింజలకు పట్టించినా. నీడలోనే ఆరబెట్టినా. ఎండ తగిలితే చచ్చిపోతాయి.”

“ఏవి?”

“నా సూక్ష్మజీవులు.” ‘నా’ అంటూ గోళ్లలోని నల్లపొడి వైపు చూసుకుంది.

“కొట్టంలో పురుగుమందు డబ్బా ఏదైనా ఉందా?”

“పురుగుమందు సోకినా అవి బతకవన్నా. ముందురోజే కొట్టమంతా కడిగించినా. పసుపు కూడా ముట్టించనీలేదు.”

“పసుపెందుకు?”

“ఈడ ఇంటి ఇల్లాలు గంపకు బొట్టు పెట్టి, గింజల మీద పసుపు చల్లితేనే నాగలి సాలు పట్టేది. పసుపు తగిలితే సూక్ష్మజీవులకు చేటు. దండం పెట్టి చెప్పినా, నాగలికి పెట్టండి, కాడికి పెట్టండి, గింజకు మాత్రం వద్దని. బయమ్మ, తిప్పమ్మ నా చేతిలో చెయ్యేసి మాటిచ్చినారు.”

“నువ్వు ఆ పొడి తిన్నావంట?”

ఆమె కళ్లు తుడుచుకోకుండానే చెప్పింది. “జనాలు దీన్ని పురుగుల పొడి అని భయపడతాండ్రి. భయం పోవాలని అందరి ముందర చిటికెడు నోట్లో వేసుకున్నా. నేను తినబట్టే గదా వాళ్లు ధైర్యంగా ఉడకేసుకున్నారు? బయమ్మ నన్ను చూసే తినిందన్నా.”

నేను తర్వాతి ప్రశ్న అడిగాను. “విత్తేటప్పుడు నువ్వు పొలంలోనే ఉన్నావా?”

“సాలు పట్టించి, పొద్దున బస్సుకే కళ్యాణదుర్గం పోయినా, ఇంకొన్ని పొట్లాలు తెచ్చేదానికి. సాయంత్రం గుగ్గిళ్లకు వస్తానని చెప్పిపోయినా. తిరిగొచ్చే బస్సు దారిలో చెడిపోయింది. నేనొచ్చేసరికి బయమ్మను ఎద్దులబండిలో ఎత్తిండారు.”

“నీకు గిట్టనివాళ్లు?”

“నాకెవరుంటారన్నా. చిక్కు ఒకటే ఉండాది. పోయినేడు ఈ ఊళ్లోనే ముగ్గురి పొలాల్లో నా పొడి పని చేయలేదు. పైరు మాడిపోయింది. పాపం, వాళ్లు సంసారాలు ఎత్తుకోని బెంగళూరుకు కూలికి పోయినారు. మొన్న ఆ మట్టి పరీక్ష చేస్తే ఉప్పు తేలింది. ఈ గుట్ట మీద చవుడు నేలే లేదు, ఉప్పు యాడినుంచి వస్తుంది? ప్రెసిడెంటు గారికి చెప్పినా. ఆయన కూడా ఆశ్చర్యపోయి, ఎవరికీ చెప్పొద్దమ్మా, మనమే కనుక్కుందాం అన్నారు. ఆ వెంటనే ఈ ఏటి పరీక్షకు తన పొలమే ఇస్తానన్నారు.”

ఉప్పు సంగతి విన్నాను గానీ బుర్రకెక్కించుకోలేదు. నా మనసంతా మూడు గంటల మీదే ఉంది. బయమ్మ చావు ఈమె మెడకు చుట్టుకుంటే ఈమె బతుకు జైలుపాలవుతుంది. ఆ ముసలి నేతగాడు మగ్గం ఎక్కలేడు.

లేచేముందు పళ్లెం చూపించాను. “ఉపవాసం ఉంటే తప్పు చేసినదానివని అనుకుంటారు. మధ్యాహ్నం అన్నం తిను. నాకు మాటియ్యి.”

ఆమె తల అడ్డంగా ఊపింది. నేను కదల్లేదు.

“సరేలే అన్నా. నువ్వు చెప్పినావని తింటా.”

మెట్ల దగ్గర ప్రెసిడెంటు భార్య భద్రమ్మ ఎదురైంది. పెద్ద బొట్టు, నిండైన మనిషి. “తింటానని ఒప్పుకుందమ్మా” అని చెప్పాను. ఆమె మొహం విప్పారింది. “నీ నోటి పుణ్యం నాయనా. మెత్తగా పెరుగన్నం కలిపి పెడతా” అంది. ఒక మంచిపని చేశానని నాకే అనిపించింది.

పశువుల కొట్టానికి నా వెంట గంగాధరప్ప కూడా వచ్చాడు. నామీద ప్రేమతో కాదు, నేనేమైనా ఎత్తి జేబులో వేసుకుంటానేమోనని. ప్రెసిడెంటు దగ్గర నాగలి పట్టే లింగప్ప తలుపు తీశాడు. నేల శుభ్రంగా ఊడ్చి ఉంది. గింజలు ఆరబోసిన మూల బండల మీద మాత్రం బెల్లం నీళ్లు కారి, నల్లగా మరకలు కట్టాయి. నేను మోకాళ్ల మీద కూర్చున్నాను.

“ఏముండాది ఆడ?” అన్నాడు గంగాధరప్ప.

“చీమలు.”

“బెల్లముంటే చీమలుండవా?”

“ఉంటాయి. నేను చెప్పేదీ అదే. బారులు తీరి వస్తున్నాయి, నాకుతున్నాయి, పోతున్నాయి. ఒక్కటీ చావలేదు. ఈ మరకలో పురుగుమందు ఉంటే ఈ చీమలు బతికేవా?”

“ఓహో. రేపు కోర్టులో చీమల్ని బోనెక్కిస్తావా?”

“నీ సాక్షులకంటే అవే మేలు. వాటికి అబద్ధం రాదు.”

అతని మీసం అదిరింది. లింగప్ప నేల చూపులు చూస్తున్నాడు. అబద్ధం అనే మాట వినగానే అతను అటు తిరిగి తలుపు గడియ సర్దసాగాడు.

పొలం ఊరికి తూర్పున ఉంది. మొన్నటి వాన తడి పైన ఆరిపోయింది గానీ లోపల ఇంకా ఉంది. మొదటి సాలు ఎక్కడ పట్టించారో లింగప్ప చూపించాడు. పుల్లతో మట్టి కెలికాను. గింజ ఉబ్బి ఉంది. బెల్లం రుచికి ఎర్రచీమలు దాన్ని చుట్టుకుని ఉన్నాయి. నా వేలికి కూడా ఎక్కాయి, బాగానే కుట్టాయి. గింజను తెల్ల చేతిరుమాలుకు రుద్దాను. నల్లటి మరక పడింది, అంతే.

ఇంకొంచెం ముందుకు పోయి కెలికాను. చీమలు బతికే ఉన్నాయి. ఇంకొంచెం ముందుకు. అక్కడా అంతే. గంగాధరప్ప ఎండకు టోపీ తీసి విసురుకుంటున్నాడు. “నీకు దుడ్లిచ్చేది మట్టి తవ్వేదానికా?” అన్నాడు. నేను వినిపించుకోలేదు.

పొలం నడిమికి వచ్చాక, గట్టు మీది పెద్ద గుండురాయికి ఎదురుగా ఉన్న సాలులో కెలికితే, పుల్ల నా చేతిలో ఆగిపోయింది. గింజ చుట్టూ చీమలున్నాయి. ఒక్కటీ కదలడం లేదు. కాళ్లు ముడుచుకుని, మట్టిలో మట్టిగా పడి ఉన్నాయి. తర్వాతి సాలు చూశాను. దాని తర్వాతిది చూశాను. పొలం చివరిదాకా చచ్చిన చీమలే. ఒకచోట గింజ పొడుచుకు తిన్న కౌజుపిట్ట రెక్కలు పరుచుకుని పడి ఉంది.

గింజను రుమాలుకు రుద్దాను. నల్లటి మరక మధ్యలో పసుపుపచ్చ గీత పడింది. పత్తిచేల పక్క నడిచేటప్పుడు ముక్కు మూసుకుంటామే, ఆ వాసన సన్నగా వచ్చింది.

“చూడు గంగాధరప్పా. పొద్దున విత్తిన గింజలో విషం లేదు. సుబ్బరత్నమ్మ కలిపిన గింజలన్నీ ఒకే గంపలోవి. ఆమె కలిపి ఉంటే మొదటి సాలులోనూ చీమలు చావాలి. గంప సగమయ్యాక ఎవరో కలిపారు. అప్పటికి ఆమె ఊళ్లోనే లేదు.”

అతను రుమాలు వైపు చూశాడు. చచ్చిన పిట్టను బూటుతో కదిలించాడు. తెలివిలేనివాడు కాదు, ఒప్పుకోవడం అలవాటు లేనివాడు.

“సరే. కలిపిందెవురు? గంప తావకే ఎవురూ రాలేదని అంతమంది చెప్తాంటే, విషం ఆకాశం నుంచి పడిందా? పేరు చెప్పు, సంకెళ్లు మారుస్తా. చెప్పలేకపోతే మూడు గంటలు మూడు గంటలే. నాకు ఆకలైతాండాది.” టోపీ పెట్టుకుని ఊరివైపు నడిచాడు.

నేను లింగప్పను ఆపాను. “ఎద్దులు విప్పి, సద్దికి ఆగింది యాడ?”

అతను చేయెత్తి గుండురాయిని చూపించాడు.

“సద్ది తినేటప్పుడు గంప దగ్గరికి ఎవరొచ్చారు?”

“నేను ఎద్దులకు నీళ్లు తాపేదానికి కుంట కాడికి పోయిన్యా సామీ. నన్నడగొద్దు. ఆడోళ్లనడుగు.”

“రుమాలు మీద ఈ పచ్చగీత ఏంది లింగప్పా?”

“తిప్పమ్మనడుగు సామీ. నన్నడగొద్దు.”

తిప్పమ్మ బయమ్మకు తోడికోడలు. ఇద్దరూ ఒకే కప్పు కింద బతికారు, ఒకే సాలులో విత్తారు. గుడిసె ముందు గోనెపట్ట మీద పడుకుని ఉంది. ఆసుపత్రి నుంచి పొద్దున్నే తెచ్చి దించారట. మొహంలో నెత్తురు లేదు. నేను పోలీసువాణ్ని కాదని రెండుసార్లు చెప్పాక కళ్లు తెరిచింది.

“గంప ఎవరూ ముట్టలేదప్పా. సర్కిలుకు చెప్పింటిమి గదా.”

నేను రుమాలు విప్పి ఆమె కళ్ల ముందు పెట్టాను. పచ్చగీత వైపు చూసింది. పెదవులు కదిలాయి. ఒక్కసారిగా రెండు చేతులతో నెత్తి కొట్టుకుంది.

“మాట తప్పినామప్పా. ఆయమ్మ చేతిలో చెయ్యేసి, గింజకు పసుపు తగలనియ్యమని మాటిచ్చి తప్పినాము. అందుకే ఆ జీవాలు అలిగినాయి. అలిగి బయమ్మను తీసుకపోయినాయి. ఈ మొహం పెట్టుకోని ఆయమ్మకు ఎట్ల చెప్పేది? చెప్పొద్దని మేమంతా అనుకున్యాము.”

పోలీసు భయం కాదు, దుడ్ల ఆశ కాదు. మాట తప్పిన సిగ్గు. ఆ సిగ్గుకు ఇన్ని నోళ్లు మూసుకున్నాయి, ఎవరి దగ్గర సిగ్గుపడ్డారో ఆమె మెడకే ఉరి బిగించాయి. వాళ్ల మీద కోపం రావాల్సింది, రాలేదు.

“జీవాలు అలగవు తిప్పమ్మా. వాటికి అలిగేంత తెలివి లేదు. ఎవరు పెట్టారు పసుపు?”

“ఇంకెవురు పెడ్తారు? ఇంటి ఇల్లాలు. భద్రమ్మ. సద్దిగంప మోసుకోనొచ్చింది.”

“మరి పొలానికి ఎవరూ రాలేదని చెప్పారు?”

ఆమె నన్ను తిక్కవాణ్ని చూసినట్టు చూసింది. “పొలం ఆయమ్మదే గదప్పా. ఇల్లాలు ఎవురో ఎట్లైతాది?”

నేను గోనెపట్ట పక్కనే కింద కూర్చున్నాను.

“ఎట్లా పెట్టింది, ఏమంది, అంతా చెప్పు.”

“పసుపు లేని గింజ నేలలో ఏస్తే మా ఇంటికి కీడు, సుబ్బరత్నమ్మ ఊళ్లో లేదు గదా, మీరు చెప్పకపోతే ఆయమ్మకెట్ల తెలుస్తాది, అనింది. మేమూ అదే మంచిదనుకున్యాము. ఎప్పుడూ చిటికెడు చల్లుతుంది. ఆ పొద్దు పళ్లెం నిండా తెచ్చింది. ఏంటికో పాలిపోయిన పసుపు. చేత్తో ముట్టలేదు. తంగేడు పుల్ల ఇరిచి దాంతో కలిపింది, కొంగు ముక్కుకు కట్టుకోని. ఇల్లాలు పసుపు పుల్లతో కలిపేదెప్పుడైనా చూసినామా అని బయమ్మ నవ్వింది కూడా.” తిప్పమ్మ వెక్కింది. “నవ్విందప్పా నా తల్లి.”

నేను ఆమె తేరుకునేదాకా ఆగాను. ఆగడానికి నాకు టైము లేదు, అయినా ఆగాను. తర్వాత అడగాల్సిన ప్రశ్న అడిగాను.

“గుగ్గిళ్లలో మొదటి పాలు ఎవరికి?”

“విత్తనమిచ్చినోళ్లకు. సుబ్బరత్నమ్మకే. ఆయమ్మ పాలు రోంత పెద్దది తీసిపెట్టండి, తప్పకుండా తినిపించండి అని భద్రమ్మ మరీ మరీ చెప్పిపోయింది. ఆయమ్మ పొద్దుగూకినా రాలేదు. విత్తనం పాలు పారేస్తే పాపం. బయమ్మ తన పాలూ తినింది, ఆయమ్మ పాలూ తినింది.”

అంతా ఒక్కసారి కళ్ల ముందు నిలబడింది. విషం బయమ్మ కోసం కాదు. సుబ్బరత్నమ్మ కోసం. తన పొడి తానే తిని చచ్చిందని ఊరంతా నమ్మాలి. పక్కన ఎంతమంది కూలోళ్లు పోయినా సరే, నమ్మకం ఇంకా గట్టిపడుతుంది. ఎందుకు? ఉప్పు. చవుడు లేని నేలలో ఉప్పు ఎక్కడి నుంచి వచ్చింది? యూరియా మూటల్లో నుంచి. యూరియాలో ఉప్పు కలిపి అమ్మితే కంటికి తెలియదు, పైరు మాడితే నింద చాలని వాన మీదికి పోతుంది. కానీ ఆమె జీవాలు చచ్చి సాక్ష్యం చెప్పాయి. ఆ సాక్ష్యాన్ని ఆమె తీసుకుపోయి హనుమంతప్పకే చెప్పింది. ఇప్పుడు లారీలోకి ఎక్కుతున్న మూటలు అవే.

భార్యాభర్తలిద్దరి పనీ. ఒకరు కలిపినది బయటపడకుండా ఇంకొకరు కలిపారు.

“తిప్పమ్మా, ఈ మాట సర్కిల్‌కు చెప్తావా?”

“ఆయమ్మ బయటపడ్తాదంటే చెప్తా. యాడైనా చెప్తా. రోంత కూడు తినిందా ఆయమ్మ? మా బాధతో కడుపు మాడ్చుకుంటాండాదంటనే.”

అప్పుడు గుర్తొచ్చింది నాకు. మెట్ల దగ్గర విప్పారిన మొహం గుర్తొచ్చింది. పెరుగన్నం గుర్తొచ్చింది. మంగళవారం నుంచి ఆమె ఆ ఇంట్లో బతికి ఉన్నది అన్నం ముట్టకపోవడం వల్లే. ఆ పంతాన్ని విరిచింది నేను.

పరుగెత్తాను. నలభై ఐదేళ్ల మనిషిని, పరిగెత్తి పదేళ్లయింది. వీధిలో కోళ్లు చెదిరిపోయాయి. ఎరువుల అంగడికి తాళం వేసి ఉంది. లారీ లేదు, హనుమంతప్ప లేడు. అరుగు మీద గంగాధరప్ప భోంచేసి చెయ్యి తుడుచుకుంటున్నాడు.

“రెండున్నరే అయింది. పేరు తెచ్చినావా?” అన్నాడు నవ్వుతూ.

“నీకు అన్నం పెట్టినామె పేరే. పైకి రా.”

నా మొహంలో ఏం చూశాడో, నవ్వు ఆగిపోయింది.

భద్రమ్మ మెట్ల కింద తొట్టి దగ్గర కూర్చుని పళ్లెం కడుగుతోంది. ఒకసారి కడిగి, బూడిద వేసి మళ్లీ కడుగుతోంది. తలెత్తి చూసింది.

“తినింది నాయనా. నువ్వు చెప్పినావంట గదా, ఒక మెతుకు మిగిల్చలేదు” అంది. ఆ గొంతులో తొణుకు లేదు, తొందర లేదు.

మెట్ల మీద, ఎవరి చేతి నుంచో జారిన పెరుగన్నం ముద్ద పడి ఉంది. దాని చుట్టూ చీమలు. నేను గంగాధరప్ప భుజం పట్టి వంచి చూపించాను. ఉదయం ఎగతాళి చేసినవాడు ఈసారి మోకాలి మీద వంగి, వేలితో ఒక చీమను కదిపి చూశాడు. అది కదల్లేదు. అతను మెల్లగా తలతిప్పి తొట్టి దగ్గరున్న ఆమెను చూశాడు.

గదిలో సుబ్బరత్నమ్మ గోడకు చేరగిలబడే ఉంది. మొహమంతా చెమట. పెదాల చివర నురగ మొదలైంది. నన్ను చూసి నవ్వబోయింది.

“నువ్వు చెప్పినట్లే తిన్నా అన్నా. చేదుగా ఉండింది. బయమ్మ తినింది గదా, నేను తినకపోతే ఎట్ల అనుకున్నా.”

మాట ముద్దగా వచ్చింది. గంగాధరప్ప నన్ను పక్కకు నెట్టి ఆమె రెప్ప ఎత్తి వెలుతురుకు తిప్పాడు. మంగళవారం ఆసుపత్రిలో డాక్టరు చూపించినప్పుడు పక్కనే నిలబడి చూసినవాడు. కంటిపాప ఆవగింజంత ఉంది.

అతను ఆమెను రెండు చేతుల్లో ఎత్తుకున్నాడు. “డ్రైవర్, జీపు తీయ్!” అని మెట్ల మీది నుంచే అరిచాడు. నేను ముందు దిగి దారి చేశాను. జీపు దగ్గరున్న కానిస్టేబులు పరుగెత్తుకొచ్చి భద్రమ్మ చేతిలోని పళ్లెం లాక్కున్నాడు. అప్పటికే అది శుభ్రంగా కడిగి ఉంది.

మూడు గంటలకు కదలాల్సిన జీపు ముందే కదిలింది. ఆమె తల నా ఒళ్లో ఉంది. ఆసుపత్రి ఇంకా చాలా దూరం.